తన మనసును తానే వెతికి పట్టుకున్న మనిషి – క్లిఫర్డ్ బీర్స్

(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్.డబ్ల్యూ. ద్వితీయ సంవత్సరం)

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ మహనీయుల జీవితాలు వస్తాయి. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి మనవాళ్లు ఎంతో బాగా రాశారు. ఈసారి నన్నూ ఒక జీవిత చరిత్ర రాయమని సంచిక పని చూస్తున్న తమ్ముళ్లు అడిగారు. నేను ఎంచుకున్నాయన పేరు మీలో చాలామంది విని ఉండరు. అమెరికా దేశస్థుడు, చనిపోయి ఎనభై ఏళ్లు దాటింది. పేరు క్లిఫర్డ్ బీర్స్. ఈ పేరు చదవగానే వెనక వరుసలో నవ్వులు వస్తాయని నాకు తెలుసు. మా క్లాసులో కూడా వచ్చాయి. ఒక్కసారి నవ్వేసి ముందుకు రండి, ఎందుకంటే తర్వాత నవ్వే సంగతులు పెద్దగా లేవు.

ఈయనే ఎందుకంటే, దానికి ఒక కారణం ఉంది. నేను ఈ హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు మా గదిలో ఒక స్నేహితుడు ఉండేవాడు. పేరు రాయను. అతని సంగతి మధ్యలో చెబుతాను. ముందు బీర్స్ గారి సంగతి.

క్లిఫర్డ్ బీర్స్ 1876 మార్చి 30న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, న్యూ హేవెన్ పట్టణంలో జన్మించాడు. ఆ ఊళ్లోనే పేరు మోసిన యేల్ విశ్వవిద్యాలయం ఉంది. అందులో చేరాడు. చురుకైన కుర్రవాడు. విద్యార్థులు నడిపే హాస్యపత్రికకు డబ్బు లెక్కలు, వ్యవహారాలు చూసేవాడు. అంటే మన సంచికకు చందాలు వసూలు చేసే తమ్ముడి లాంటి పని అన్నమాట! 1897లో పట్టా పుచ్చుకున్నాడు.

కానీ చదువు మధ్యలో, 1894లో, ఇంట్లో ఒక సంఘటన జరిగింది. ఆయన అన్నకు ఉన్నట్టుండి మూర్ఛలు మొదలయ్యాయి. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇలా వచ్చిందంటే రేపు నాకూ వస్తుంది అన్న భయం క్లిఫర్డ్ మనసులో పడింది. మొదట అది భయమే. రానురాను అది నమ్మకమైంది. క్లాసులో లేచి పాఠం అప్పజెప్పాలంటే, అందరి ముందు పడిపోతానేమోనని వణికిపోయేవాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చదువు పూర్తి చేశాడు, పన్నుల ఆఫీసులో గుమాస్తాగా చేరాడు, తర్వాత న్యూయార్క్ వెళ్లి బీమా కంపెనీలో పనిచేశాడు. పైకి అంతా సవ్యంగానే ఉంది. లోపల ఆరేళ్లుగా ఒకే భయాన్ని మోస్తున్నాడు.

విచారం ఏమిటంటే ఆ భయానికి ఆధారమే లేదు. 1900 జూలైలో అన్న చనిపోయాక డాక్టర్లు తేల్చిన విషయం, అది వంశంలో వచ్చిన మూర్ఛ కాదు, మెదడు అడుగున గడ్డ లేచిందని. ఆ మాట ముందే తెలిసి ఉంటే అని నాకు అనిపిస్తుంది. కానీ అప్పటికే ఆలస్యమైంది. 1900 జూన్‌లో క్లిఫర్డ్ పని చేయలేని స్థితిలో ఇంటికి వచ్చాడు. జూన్ 23న, బతికి ఆ జబ్బు పడేకన్నా చావే మేలనుకుని మేడమీది కిటికీలోంచి కిందపడ్డాడు. కాళ్ల ఎముకలు విరిగాయి. ప్రాణం దక్కింది. అప్పుడాయన వయసు 24.

ఇక్కడి నుంచే అసలు కథ. ప్రాణం పోలేదు గానీ ఆలోచన దారి తప్పింది. ఆస్పత్రి కిటికీకి ఊచలు కనబడ్డాయి. ఊచలున్నాయంటే ఇది జైలు. జైలంటే నేను నేరస్థుణ్ని. ఆత్మహత్యకు ప్రయత్నించడం నేరం కాబట్టి పోలీసులు నా కోసం వచ్చారు. ఈ నర్సులు, డాక్టర్లు మారువేషంలో ఉన్న డిటెక్టివులు. చూడండి, ఒక్కో మెట్టు విడిగా చూస్తే తర్కం ఉన్నట్టే ఉంటుంది. మొదటి మెట్టే గాలిలో ఉంది. మానసిక జబ్బు వచ్చినవాడు ఆలోచించడం మానేస్తాడని మనం అనుకుంటాం. కాదు. మనకంటే ఎక్కువ ఆలోచిస్తాడు, నిద్రలేకుండా ఆలోచిస్తాడు.

తర్వాత ఎవరూ లేనిచోట మాటలు వినబడ్డాయి. దుప్పటి మీద రాతలు కనబడ్డాయి. తిండిలో ఏదో కలిపారనిపించింది, రుచి మారితే అందులో ఒక రహస్య సంకేతం ఉందనిపించింది. అన్నిటికన్నా బాధాకరం, చూడడానికి వచ్చిన తండ్రి, అన్నదమ్ములు అసలువాళ్లు కారని, వాళ్ల పోలికలతో పోలీసులు పంపిన మనుషులని నమ్మాడు. అందుకని వాళ్లతో మాట్లాడడమే మానేశాడు. నోరు విప్పితే తన మాటే తన మీద సాక్ష్యమవుతుందని భయం.

ఇక మా గది సంగతి. ఇంటర్ రెండో సంవత్సరం దసరా సెలవుల తర్వాత మా స్నేహితుడు మెస్‌లో తినడం తగ్గించాడు. మొదట పరీక్షల దిగులనుకున్నాం. తర్వాత కామాటి అన్న సాంబారులో ఏదో కలుపుతున్నాడని చెప్పాడు. కిటికీకి పాత పేపర్లు అంటించాడు. ఆ పేపర్లలోనే తన గురించి రాశారని రాత్రిళ్లు ట్రంకు పెట్టె మీద కూర్చుని చదివేవాడు. మాట్లాడితే ఒక మాటకు ఇంకో మాటకు పొంతన ఉండేది కాదు. మధ్యలో ఆగిపోయి గోడవైపు చూసేవాడు. మేమేం చేశామో తెలుసా? అతనికి ఒక పేరు పెట్టాం. ఆ పేరు పెట్టింది నేనే. సీఐడీ అని పిలిచేవాళ్లం. అతను గదిలోకి రాగానే ఒకడు కావాలని గుసగుసలాడేవాడు, మిగతావాళ్లం నవ్వేవాళ్లం. తనను చూసి అందరూ గుసగుసలాడుతున్నారని భయపడే మనిషి ముందు నిజంగానే గుసగుసలాడాం. దీనికి ఇంతకన్నా వివరణ నా దగ్గర లేదు.

వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు. కూలి పని మానుకుని, రెండు బస్సులు మారి వచ్చాడు. ఊళ్లో గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టించారు, ఒకచోట చీపురుతో కొట్టించారు, మేకను కోశారు. అప్పు అయింది. ఆ ఏడు పరీక్ష పోయింది.

బీర్స్ కుటుంబం కూడా డబ్బున్నది కాదు. మొదట స్టాంఫర్డ్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పెట్టారు. కొంతకాలం, తనను చూసుకున్న ఒక పనివాడి ఇంట్లో ఉంచారు. 1901లో హార్ట్‌ఫర్డ్ రిట్రీట్ అనే ఆస్పత్రికి మార్చారు. అక్కడే 1902 ఆగస్టులో జరిగిన ఒక చిన్న సంగతి నాకు ఈ జీవితం మొత్తంలో బాగా నచ్చింది. కొంచెం వివరంగా చెబుతాను.

ఆ ఆస్పత్రిలో మరో రోగితో ఆయనకు స్నేహం కుదిరింది. డాక్టర్లను నమ్మని మనిషి తోటి రోగిని నమ్మాడు. నిన్ను చూడడానికి వస్తున్నాయన నీ సొంత అన్నేనని ఆ స్నేహితుడు చెప్పేవాడు. బీర్స్ ఒప్పుకునేవాడు కాదు. అయితే ఆ స్నేహితుడు వాదన పెట్టుకోలేదు, వెక్కిరించలేదు. పరీక్షించి చూడడానికి ఒక ఉపాయం దొరికింది. అన్న పేరిట, ఇంటి చిరునామాకు, ఆస్పత్రివాళ్లకు తెలియకుండా ఒక ఉత్తరం వేయడం. క్రితం బుధవారం నా దగ్గరికి వచ్చింది నువ్వే అయితే, మళ్లీ వచ్చేటప్పుడు ఈ ఉత్తరాన్ని గుర్తింపు చీటీలా పట్టుకుని రా అని అందులో రాశాడు. వచ్చేవాడు నకిలీ అయితే అసలు అన్న ఇంటికి చేరిన ఉత్తరం అతని చేతికి ఎలా వస్తుంది? మరునాడే, ఆగస్టు 30న, అన్న జార్జ్ ఆ ఉత్తరం పట్టుకుని వచ్చాడు. తమ్ముడు తన చేతిరాతను చూశాడు. అంతే! రెండేళ్లకు పైగా కట్టుకున్న గోడ ఆ ఒక్క కాగితంతో కూలిపోయింది. జూన్ 23 నుంచి లెక్కపెడితే 798 రోజులు.

ఉత్తరం వేస్తే అందరి జబ్బూ పోతుందని నేను చెప్పడం లేదు. అప్పటికి ఆయన మనసు కోలుకోవడం మొదలై ఉండాలి, లేకపోతే ఆ ఉత్తరాన్ని కూడా దొంగ ఉత్తరం అనేవాడు. భ్రమ అంటేనే సాక్ష్యం చూపినా పోనిది. నాకు నచ్చింది ఆ తోటి రోగి పద్ధతి.

జబ్బు అక్కడితో పోలేదు. తిరగబడింది. దిగులు పోయి దాని స్థానంలో పట్టలేని ఉత్సాహం వచ్చింది. రెండేళ్లు నోరు కట్టుకున్న మనిషి ఇప్పుడు ఆపకుండా మాట్లాడాడు. ఒక ఆలోచన ముగియకముందే ఇంకోటి, దాని మీద మరోటి. మామూలు కాగితాలు చాలక పొట్లాలు కట్టే కాగితం చుట్టలు చుట్టలుగా తెప్పించుకుని రాశాడు. ప్రపంచంలోని పిచ్చాసుపత్రులన్నింటినీ మార్చేస్తానన్నాడు. డాక్టర్లు దాన్ని కూడా జబ్బు లక్షణమే అనుకున్నారు. వాళ్లు అనుకున్నది తప్పు కాదు. తమాషా ఏమిటంటే, ఆయన అన్నదీ తప్పు కాలేదు.

అన్నీ స్వయంగా చూడాలని, కావాలనే గొడవ చేసి, ఉద్రేకం ఎక్కువైన రోగులను పెట్టే వార్డుకు వెళ్లాడు. చూశాడు, అనుభవించాడు కూడా. చేతులు రొమ్ముకు అడ్డంగా మడిచి తాళ్లు వెనక బిగించే గట్టి గుడ్డ చొక్కా ఒకటి ఉండేది. దాన్ని తొడిగి రాత్రంతా వదిలేశారు. నొప్పితో ఏడ్చి బతిమాలినా సడలించలేదు. అలాంటి రాత్రులు ఒకటి రెండు కాదు. గోడలకు మెత్తలు కొట్టిన చలిగదిలో పడేశారు. 1902 నవంబరులో డబ్బు చాలక మిడిల్‌టౌన్‌లోని ప్రభుత్వ ఆస్పత్రికి మార్చారు. అక్కడ పనివాళ్లు కొట్టారు. తనకంటే నోరులేని రోగులను ఇంకా ఎక్కువగా కొట్టడం కళ్లారా చూశాడు. ఆ పనివాళ్లలో చాలామంది తక్కువ జీతానికి, ఏ శిక్షణా లేకుండా, ఎక్కువమంది రోగుల మధ్య పనిచేసేవాళ్లు. వాళ్లనే తప్పుపట్టి లాభం లేదని, పద్ధతే మారాలని బీర్స్ తర్వాత రాసిన పుస్తకంలో చూపించాడు. లోపలి నుంచే రాష్ట్ర గవర్నరుకు పెద్ద ఉత్తరం రాసి పంపించాడు.

1903 సెప్టెంబరులో ఇంటికి వచ్చాడు. ఉద్యోగంలో చేరాడు. చాలామంది అయితే ఆ మూడేళ్లను పూడ్చిపెట్టి ఎవరికీ తెలియకుండా బతికేవాళ్లు. నిజం చెప్పాలంటే నేనైనా అంతే చేసేవాణ్ని. ఈయన రాయడానికి కూర్చున్నాడు. అయితే రాస్తుంటే పాత ఉద్రేకం మళ్లీ తలెత్తింది. అన్న గమనించాడు. 1905 జనవరిలో బీర్స్ తనంతట తానే సంతకం పెట్టి, తనను కట్టిపడేసిన అదే హార్ట్‌ఫర్డ్ రిట్రీట్‌లో కొన్ని వారాల కోసం చేరాడు! ఈ ముక్క దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. తనకు సహాయం కావలసి వచ్చిందని గుర్తించడం, అడగడం, అడిగినచోట గత అవమానం ఉన్నా వెళ్లడం. కుదుటపడ్డాక తిరిగి వచ్చి పుస్తకం ముగించాడు.

ప్రసిద్ధ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్‌కు రాతప్రతి పంపించాడు. ఆయన మెచ్చుకుని ముందుమాటగా వేసుకోవడానికి ఉత్తరం ఇచ్చాడు. 1908 మార్చిలో పుస్తకం వచ్చింది. పేరు ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్, అంటే తనను తాను కనుగొన్న మనసు అని అర్థం. మారుపేరు పెట్టుకోలేదు. మా విశ్వవిద్యాలయం లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు చదివాను. పాత ఇంగ్లీషు, కష్టమే. తెలుగులో ఎవరైనా చేస్తే బాగుండును.

అదే 1908 మే నెలలో న్యూ హేవెన్‌లో కనెక్టికట్ మానసిక ఆరోగ్య సంఘం పెట్టాడు. మెంటల్ హైజీన్ అన్న పేరు సూచించినాయన అడాల్ఫ్ మేయర్ అనే డాక్టరు. 1909లో జాతీయ సంఘం వచ్చింది. మేయర్‌తో తగాదాలు వచ్చి ఆయన 1910లో తప్పుకున్నాడు. బీర్స్ అంత సులువైన మనిషి కాదు, తన సంఘం మీద పెత్తనం వదులుకునేవాడు కాదని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఉద్యోగం పోయింది, అప్పులు పెరిగాయి, ధనవంతుల గుమ్మాల దగ్గర చందాల కోసం తిరిగాడు. 1912లో క్లారా జెప్సన్‌ను పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు వద్దనుకున్నారు. 1913లో న్యూ హేవెన్‌లోనే బయటి రోగుల మానసిక చికిత్సాలయం తెరిపించాడు. ఆస్పత్రిలో చేరకుండా వచ్చి చూపించుకుని ఇంటికి పోవచ్చు. అమెరికాలో ఇలాంటివాటిలో ఇది మొదటిదని చెబుతారు. 1930లో వాషింగ్టన్‌లో మొదటి అంతర్జాతీయ మానసిక ఆరోగ్య మహాసభ జరిగింది. ఎన్నో దేశాల నుంచి డాక్టర్లు, టీచర్లు వచ్చారు. వార్డులో రాసిన కాగితపు చుట్టల్లోని పిచ్చిమాటలు ఇవే కదా!

చివరి రోజులు మాత్రం మంచివి కావు. తోబుట్టువుల్లో మరికొందరినీ మానసిక జబ్బు వదల్లేదు. 1939లో తనకూ తిరగబెట్టింది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బట్లర్ ఆస్పత్రిలో మళ్లీ తానుగా చేరాడు. అక్కడే 1943 జూలై 9న, 67వ ఏట కన్నుమూశాడు. చికిత్స అందక పోయాడని కాదు, అప్పటికి ఈ జబ్బులకు సరైన మందే లేదు. భ్రమలను, భ్రాంతులను తగ్గించే మొదటి మందు క్లోర్‌ప్రొమజీన్ 1952లో వాడుకలోకి వచ్చింది. ఆయన పోయిన తొమ్మిదేళ్లకు.

ఆయనకు ఆనాడు వచ్చిన జబ్బును ఇప్పటివాళ్లు ఎక్కువగా బైపోలార్ అంటున్నారు. స్కిజోఫ్రెనియా అన్న మాట కూడా 1908లోనే, స్విట్జర్లాండ్‌కు చెందిన బ్లాయ్‌లర్ అనే డాక్టరు నోట వచ్చింది. పేరు ఏదైనా, మాటకు మాటకు లింకు తెగిపోవడం, మధ్యలో ఆగిపోవడం, లేని మాటలు పుట్టించడం, లేనివి వినబడడం, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం, ఇవి కనబడితే డాక్టరుకు చూపించాలి. స్కిజోఫ్రెనియాలో రావచ్చు, బైపోలార్‌లో రావచ్చు, తీవ్రమైన దిగులులో రావచ్చు, గంజాయి వంటి మత్తువల్ల, మెదడుకు సోకిన జబ్బువల్ల కూడా రావచ్చు. ఏదో తేల్చాల్సింది డాక్టరు. నేనో, మీరో, మంత్రం వేసేవాడో కాదు. ఇవి ఎక్కువగా మొదలయ్యేది మన వయసులోనే, అంటే హాస్టల్లో ఉండే వయసులోనే.

మా స్నేహితుడి సంగతి సగంలో వదిలేశాను. ఏడాది తర్వాత, జ్వరానికి సూది వేయించుకోవడానికి వెళితే అక్కడి డాక్టరమ్మ పట్టుకుంది. ఇది గాలీ ధూళీ కాదని వాళ్ల నాన్నకు ఓపికగా చెప్పి, ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి చీటీ రాసిచ్చింది. మందులు ఉచితంగానే ఇచ్చారు. మొదట్లో నిద్ర ముంచుకొచ్చేది, బరువు పెరిగాడు. కొంచెం బాగుందని తనే మందు మానేస్తే రెండు నెలల్లో మళ్లీ కిటికీకి పేపర్లు వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి డాక్టరును అడగకుండా మానలేదు.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు తెలియాల్సినవి రెండు మూడు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అంతదూరం పోనక్కర్లేదు, జిల్లా ఆస్పత్రిలో అడగండి. 2022 నుంచి టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక ప్రాణాలు పోగొట్టుకున్న దేశం మనది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలని, శిక్షించకూడదని కూడా ఆ చట్టమే చెప్పింది. బీర్స్ ఆస్పత్రి మంచం మీద పోలీసుల కోసం ఎదురుచూశాడే, ఆ భయం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

పక్క మంచం వాడు అలా మాట్లాడితే, అది అబద్ధమని వాదించకండి, నిజమేనని తల ఊపకండి. నీకు భయంగా ఉన్నట్టుంది అంటే చాలు. నిద్రపోతున్నాడా, తింటున్నాడా చూడండి. వార్డెన్ సార్‌కు, ఇంట్లోవాళ్లకు చెప్పండి. చచ్చిపోతానంటే ఒంటరిగా వదలకండి, ఆ రాత్రికే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పేరు మాత్రం పెట్టకండి.

అచ్చుకు ఇచ్చేముందు ఇదంతా మా స్నేహితుడికి చదివి వినిపించాను. అతను ఇప్పుడు వాళ్ల మండల కేంద్రంలో సెల్‌ఫోన్ల రిపేరు షాపులో పనిచేస్తున్నాడు, ప్రైవేటుగా డిగ్రీ కడుతున్నాడు. సీఐడీ పేరు తీసేయాలా అని అడిగాను. ఉండనీ అన్నాడు. చీపురు సంగతి దగ్గర మాత్రం నాన్న చదివితే బాధపడతాడేమో అన్నాడు, తర్వాత అదీ ఉండనీ అన్నాడు. ఉత్తరం భాగం రెండోసారి చదివించుకున్నాడు. చదివాక, ఆ తోటి రోగి పేరేమిటని అడిగాడు. బీర్స్ తన పుస్తకంలో ఆ పేరు రాయలేదని చెప్పాను. ఈలోపు షాపుకు ఎవరో స్క్రీన్ పగిలిన ఫోను పట్టుకొచ్చారు. అతను అద్దం పెట్టుకుని పనిలో పడ్డాడు.